ముల్లుకు రెండో సాక్షి

పాత కారు డాష్‌బోర్డు మీద ఉండే మీటర్లన్నిటిలోకీ ఎక్కువ గుబులు పుట్టించేది ఆయిల్ ప్రెషర్ మీటరు. పెట్రోలు ముల్లు అబద్ధం చెబితే రోడ్డు పక్కన ఆగిపోతాం, అంతటితో సరి. ఆయిల్ ప్రెషర్ ముల్లు చెప్పేది నిజమో అబద్ధమో తేల్చుకోలేకపోతే మాత్రం రెండు నష్టాల్లో ఒకటి తప్పదు. బాగున్న ఇంజనును విప్పించి డబ్బు పోసుకోవడం ఒకటి, పాడవుతున్న ఇంజనును బాగుందనుకుని తోలి బేరింగులతోపాటు క్రాంకు షాఫ్టునూ పోగొట్టుకోవడం రెండోది. 1960, 70ల నాటి బ్రిటిష్ కార్లు, అంటే ఎంజీబీ, జాగ్వార్ ఈ-టైప్, ఎక్స్‌జే6, ట్రయంఫ్‌ల వంటివి ఉన్నవాళ్లకు ఈ సంశయం కొత్త కాదు. దీనికి మందులు కూడా చాలానే చెబుతారు. సెండరు మార్చమంటారు, ఎర్తు చూసుకోమంటారు, వోల్టేజి స్టెబిలైజరు తీసేయమంటారు, మెకానికల్ మీటరు పెట్టుకోమంటారు, వైరులో ఒక రెసిస్టరు వేస్తే చాలంటారు. ప్రతి మందూ ఎక్కడో ఒకచోట పనిచేసిందే. అయితే అన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, లోపం మందుల్లో కన్నా అవి వేసే వరసలో ఉందని అర్థమవుతుంది. ముల్లును సరిచేయబోయే ముందు ఇంజనులో అసలు ప్రెషరు ఎంతుందో ఆ ముల్లుతో సంబంధం లేని ఇంకో సాధనంతో తెలుసుకోవాలి. అది తెలియకుండా చేసే మరమ్మతు ముల్లును మనకు నచ్చిన చోటికి చేరుస్తుందే తప్ప నిజం దగ్గరికి చేర్చదు.

అసలు ఈ అంకె దేనికి కొలత? ఆయిల్ పంపు పుట్టించేది ప్రవాహం. ఆ ప్రవాహానికి బేరింగుల సన్నటి సందులు అడ్డుపడితే వెనక పోగుపడేదే ప్రెషరు. సందు పెరిగినా, ఆయిల్ పలచబడినా అంకె తగ్గుతుంది. ఒక హద్దు దాటితే రిలీఫ్ వాల్వు తెరుచుకుని మిగులు ఆయిల్‌ను సంపులోకి వదిలేస్తుంది కాబట్టి, ఎంత రేజు చేసినా అంకె ఒకచోట ఆగిపోతుంది. తిరిగే షాఫ్టును లోహానికి తగలకుండా మోసేది పంపు ప్రెషరు కాదు, షాఫ్టు తిరుగుడు వల్ల ఆయిల్ పొరలో దానంతటదే పుట్టే, అంతకు ఎన్నో రెట్లు ఎక్కువైన ఒత్తిడి. ఆ పొరకు ఆయిల్ అందించి నిలబెట్టడమే పంపు పని. అందుకే అన్ని ఇంజన్లకూ సరిపోయే ఒకే మంచి అంకె అంటూ లేదు. ఎంజీబీకి పరుగులో 50 నుంచి 80 పీఎస్‌ఐ, ఐడ్లింగ్‌లో 10 నుంచి 25 అని కంపెనీ వివరాల్లో ఉంటుంది. జాగ్వార్ ఎక్స్‌కే ఇంజనుకు వేడెక్కాక 3000 ఆర్‌పీఎం దగ్గర 40 ఉంటే చాలు. 1937 నుంచి 1952 దాకా షెవ్రొలే కార్లకు పెట్టిన 216 ఘనపుటంగుళాల ఆరు సిలిండర్ల ఇంజను 14 పీఎస్‌ఐతోనే బతికేది, దాని మీటరు స్కేలే 30తో ముగుస్తుంది. ఫోర్డ్ మోడల్ టీలో ఆయిల్‌ను బేరింగులకు చిమ్మి తడిపే పద్ధతి కాబట్టి అసలు ఈ మీటరే లేదు. ప్రతి వెయ్యి ఆర్‌పీఎంకు పది పీఎస్‌ఐ ఉండాలని షెడ్డుల్లో చెప్పుకునే లెక్క ఎక్కడా లిఖితపూర్వకమైన వివరం దొరకనప్పుడు ఆదుకునేదే. కంపెనీ మాన్యువల్ చేతిలో ఉండగా దాన్ని పట్టుకు వేలాడటం తెలివైన పని కాదు.

ఆయిల్ వేడి సంగతి ఇంకా ముఖ్యం. మీటరు తప్పు చూపిస్తోందన్న ఫిర్యాదుల్లో కొన్నిటికి అసలు మీటరుతో పనే లేదు. ఉదయం చల్లటి ఇంజనులో 60 దగ్గర నిలబడ్డ ముల్లు గంట ప్రయాణం తర్వాత సిగ్నలు దగ్గర 15కు దిగితే అది ముల్లు అబద్ధం కాదు, ఆయిల్ పలచబడ్డ నిజం. పైగా డబ్బా మీద 20డబ్ల్యూ-50 అని ఒకే పేరు ఉన్న రెండు ఆయిల్స్ ఒకటే కావాలని లేదు. ఎస్‌ఏఈ ప్రమాణం ప్రకారం 50 గ్రేడు అనిపించుకోవాలంటే 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర చిక్కదనం 16.3 నుంచి 21.9 సెంటీస్టోక్స్ లోపు ఎక్కడున్నా చాలు. అంటే ఈ కొసన ఉన్న ఆయిల్‌కూ ఆ కొసన ఉన్నదానికీ మూడోవంతు తేడా, రెండిటి డబ్బా మీదా అదే అంకె. ఎంజీబీ 1798 సీసీ ఇంజనూ, మన అంబాసడర్‌లో దశాబ్దాలు నడిచిన 1489 సీసీ ఇంజనూ బీఎంసీ బీ-సిరీస్ అనే ఒకే కుటుంబం పిల్లలు. ఇంగ్లండు వాతావరణంలో పుట్టిన ఆ ఇంజను మే నెల మధ్యాహ్నం విజయవాడ ట్రాఫిక్‌లో నిలబడితే ఐడ్లింగ్ ప్రెషరు మాన్యువల్ చెప్పిన కింది హద్దు దాకా రావడంలో వింతేమీ లేదు. ఆయిల్ ఎంత వేడి మీద ఉన్నప్పుడు, ఎన్ని ఆర్‌పీఎం దగ్గర తీసిన అంకో చెప్పకుండా ప్రెషరు ఇంత అంటే, జ్వరం ఎంతో చెప్పి థర్మామీటరు ఎక్కడ పెట్టారో చెప్పనట్టే.

ఇక మీటర్ల సంగతి. వీటిలో పాతది, సూటిదైనది మెకానికల్ మీటరు. ఫ్రాన్సులో యూజీన్ బూర్డాన్ 1849లో పేటెంటు తీసుకున్న వంపు గొట్టమే దానికి ఆధారం. ఇంజను నుంచి సన్నని గొట్టంలో ఆయిల్ నేరుగా డాష్‌బోర్డు దాకా వస్తుంది. వంకర తిరిగిన పలచటి లోహపు గొట్టంలోకి ఒత్తిడి చేరితే అది కొంచెం విచ్చుకుంటుంది, ఆ విచ్చుకోవడాన్నే చిన్న పళ్ల చక్రం ముల్లు కదలికగా మారుస్తుంది. దీనికి కరెంటు అక్కర్లేదు, ఎర్తు అక్కర్లేదు. దీనికి వచ్చే రోగాలు తక్కువే, కనిపెట్టడమూ తేలికే. ఇంజను ఆపాక కూడా ముల్లు సున్నాకు రాకపోతే గొట్టం ఎప్పుడో అతి ఒత్తిడికి గురై సాగిపోయిందన్నమాట. ముల్లు బద్ధకంగా లేచి బద్ధకంగా దిగుతుంటే సన్న గొట్టంలో మడ్డి పేరుకుందనో, ఎక్కడో నొక్కుకుపోయిందనో అనుకోవచ్చు. గొట్టంలో కొంత గాలి ఉన్నా స్థిరంగా ఉన్నప్పటి అంకె మారదు, స్పందనే కొంచెం మెత్తబడుతుంది. ఇంతకు మించి ఇందులో చెప్పుకోవాల్సింది లేదు. చిక్కంతా కరెంటు మీటర్లతోనే.

స్మిత్స్, యేగర్ పేర్లతో బ్రిటిష్ కార్లకు వచ్చిన కరెంటు మీటర్లలో చాలావరకు వేడితో పనిచేసేవి. రెండు లోహాల పట్టీ చుట్టూ సన్న తీగ చుట్టి ఉంటుంది. తీగలో కరెంటు పారితే పట్టీ వేడెక్కి వంగుతుంది, ఆ వంపే ముల్లును తోస్తుంది. ఇంజను మీద ఉన్న సెండరు ప్రెషరును బట్టి ఎంత కరెంటు పారాలో నిర్ణయిస్తుంది. ఈ పద్ధతిలో ముల్లు నెమ్మదిగా, మర్యాదగా కదులుతుంది. పెట్రోలు మీటరుకు అది వరమే. ఆయిల్ మీటరుకు మాత్రం లోపం, ఎందుకంటే మలుపులో సంపులో ఆయిల్ పక్కకు ఒరిగి పంపు క్షణకాలం గాలి పీల్చినా ఈ ముల్లుకు వార్త చేరేసరికి అంతా అయిపోయి ఉంటుంది. ఇంకో బలహీనత వోల్టేజి. తీగలో పుట్టే వేడి వోల్టేజి వర్గాన్ని బట్టి మారుతుంది. పది వోల్టులకు లెక్కగట్టిన మీటరుకు డైనమో నుంచి 14 వోల్టులు నేరుగా చేరితే వేడి 1.4 రెట్లు కాదు, 1.96 రెట్లు. అదే 9.5 వోల్టులే చేరితే పదోవంతు తక్కువ వేడి. అందుకే స్టెబిలైజరు అనే చిన్న డబ్బీ పెట్టారు. అందులోనూ వేడికి వంగే పట్టీయే ఉంటుంది. అది వోల్టేజిని పూర్తిగా ఇస్తూ, పూర్తిగా ఆపుతూ సగటు పది వోల్టులు వచ్చేలా చూస్తుంది. ఫోర్డ్ కంపెనీ అమెరికాలో ఇదే పని సగటు ఐదు వోల్టులతో చేసింది.

ఈ డబ్బీని అనుమానించడం తేలిక, పరీక్షించడమే కొంచెం తిరకాసు. మామూలు మల్టీమీటరు పెడితే అంకెలు పన్నెండుకూ సున్నాకూ మధ్య ఎగురుతుంటాయి. అది చూసి చెడిపోయిందని పారేసినవాళ్లున్నారు. దాని స్వభావమే అది. డబ్బీ డొక్కు శుభ్రంగా ఎర్తు కావాలి, పైవైపు అని గుర్తున్న వైపు పైకే ఉండాలి. ఎర్తు పోతే లోపలి తీగ వేడెక్కదు, పట్టీ తెరుచుకోదు, మీటర్లన్నిటికీ బ్యాటరీ వోల్టేజి పూర్తిగా పారుతుంది. కనుక పెట్రోలు ముల్లూ, నీళ్ల వేడి ముల్లూ, ఆయిల్ ముల్లూ మూడూ కలిసికట్టుగా పైకి పోతే అనుమానం స్టెబిలైజరు మీదకే పోవాలి. ఆయిల్ ముల్లు ఒక్కటే దారి తప్పితే మిగిలిన రెండూ స్టెబిలైజరుకు సాక్ష్యం చెబుతున్నట్టే. అయితే ఈ తర్కానికి ఒక మినహాయింపు ఉంది. కొన్ని కార్లలో ఆయిల్ మీటరును స్టెబిలైజరుకు తగిలించలేదు, సెండరులోనే తెరుచుకుంటూ మూసుకుంటూ తననుతాను సర్దుకునే అమరిక పెట్టారు. కాబట్టి వైరింగు బొమ్మ చూడకుండా తీర్పు చెప్పకూడదు. పాత డబ్బీ బదులు 7810 అనే ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు పెట్టడం మంచి మార్పే. కాకపోతే 1967 దాకా వచ్చిన ఎంజీబీల్లో బ్యాటరీ పాజిటివ్ కొసే బాడీకి ఎర్తు. వేడి మీటరుకు ఏ కొస ఎటున్నా పట్టింపు లేదు, ఎలక్ట్రానిక్ ముక్కకు ఉంది. అటువంటి బండికి 7910 కావాలి.

సెండరు దగ్గరికి వచ్చేసరికి విషయం నిజంగా ఆసక్తికరమవుతుంది. ప్రెషరు పెరిగితే సెండరు రెసిస్టెన్సు పెరగాలా, తగ్గాలా అన్నదాని మీద కార్ల ప్రపంచం ఏనాడూ ఒక మాట మీద లేదు. జర్మన్ వీడీవో సెండర్లు సున్నా దగ్గర సుమారు 10 ఓములు, పూర్తి ప్రెషరు దగ్గర సుమారు 180 చూపిస్తాయి. జనరల్ మోటార్స్ పద్ధతిలో సున్నా నుంచి 90 దాకా పెరుగుతుంది. ఫోర్డ్ పద్ధతిలో 73 నుంచి 10కి తగ్గుతుంది. అమెరికాలో విడిగా కొనే మీటర్లు చాలావాటిలో 240 నుంచి 33కి తగ్గుతుంది. ఇప్పుడు ఇంజనుకూ బాడీకీ మధ్య ఉండే ఎర్తు పట్టీ తుప్పు పట్టిందనుకుందాం. రబ్బరు మౌంట్ల మీద కూర్చున్న ఇంజనుకు ఆ పట్టీయే నాథుడు, అది లేకపోతే కరెంటు చోకు తీగ వెంటో యాక్సిలరేటరు తీగ వెంటో దారి వెతుక్కుంటుంది. తుప్పు వల్ల దారిలో తొమ్మిది ఓములు అదనంగా చేరాయనుకోండి. జనరల్ మోటార్స్ మీటరు స్కేలు 60 పీఎస్‌ఐ అయితే ఆ తొమ్మిది ఓములు దాదాపు ఆరు పీఎస్‌ఐని ఉత్తపుణ్యానికి కలుపుతాయి. ఐడ్లింగ్‌లో 8 ఉన్న ఇంజను 14 ఉన్నట్టు కనిపిస్తుంది. అదే తుప్పు ఫోర్డ్‌లో కరెంటును తగ్గించి ముల్లును కిందికి లాగుతుంది, అందులోనూ సెండరు రెసిస్టెన్సు తక్కువగా ఉండే అధిక ప్రెషరు కొసన ఎక్కువగా లాగుతుంది. ఒకే తుప్పు ఒక బండి యజమానిని నిద్రపుచ్చుతుంది, ఇంకో బండి యజమానికి నిద్ర లేకుండా చేస్తుంది. రెండో ఆయన నష్టపోయేది షెడ్డు బిల్లు. మొదటి ఆయన నష్టపోయేది ఇంజను. మీటరు తక్కువ చూపిస్తోందని కంగారుపడేవాళ్లు అడుగడుగునా కనిపిస్తారు కానీ ఎక్కువ చూపిస్తోందేమోనని అడిగేవాళ్లు అరుదు. నా మటుకు నేను ముందు అనుమానించేది హాయిగా పైన నిలబడ్డ ముల్లునే.

సెండర్లలో ఇంకో ప్రమాదం పోలిక. వీడీవోలో 5 బార్ సెండరూ 10 బార్ సెండరూ ఉన్నాయి. రెండిటి రెసిస్టెన్సు పరిధీ ఒకటే, ఒళ్లూ దాదాపు ఒకటే, అచ్చు వేసిన అంకె చూస్తే తప్ప తేడా తెలియదు. 10 బార్ మీటరుకు 5 బార్ సెండరు బిగిస్తే నిజంగా 2 బార్ ఉన్నప్పుడు ముల్లు 4 చూపిస్తుంది. బిగుసుకుంది కదా అని సరైన వస్తువే అనుకోవడం షెడ్డుల్లో మామూలుగా జరిగే పొరపాటు. మరల విషయంలోనూ ఇదే. ఎనిమిదోవంతు అంగుళం బ్రిటిష్ పైపు మరకు అంగుళానికి 28 చుట్లు, అమెరికన్ మరకు 27. రెండు మూడు చుట్లు బాగానే ఎక్కి తర్వాత పట్టేస్తే, బలం పెట్టి తిప్పినవాడి చేతిలో ఇంజను బ్లాకు మర పోతుంది. కారకుండా తెల్లటి టెఫ్లాన్ టేపు మందంగా చుడితే ఒక్కొక్కసారి సెండరుకు ఎర్తే పోతుంది, ఎందుకంటే ఒకే వైరున్న సెండరుకు రెండో దారి ఆ మరే. ఇక కొత్త సెండరు మార్చాం కాబట్టి ఇప్పుడు కనిపించేదే నిజం అనే వాదన ఎక్కువగా వినిపిస్తుంది. ఈ రోజు దొరికే నకలు సెండర్లు పాత మీటరు కోసం ఎంత జాగ్రత్తగా తయారయ్యాయో డబ్బా మీద రాసి ఉండదు. కొత్తది పెడితే ముల్లు పది పీఎస్‌ఐ దిగిపోయిందని పాతదే మంచిదనుకోవడం, పది లేచిందని కొత్తదే మంచిదనుకోవడం రెండూ ఒకటే తప్పు. తెలిసింది ఒక్కటే, రెండు సెండర్లకు పొంతన లేదని. ఏది నిజం చెబుతోందో వాటిని అడిగితే తెలియదు.

అందుకే రెండో సాక్షి కావాలి. సెండరు తీసిన చోట ఇత్తడి టీ బిగించి, ఒక కొమ్మకు సెండరు, రెండో కొమ్మకు మంచి మెకానికల్ టెస్టు మీటరు తగిలించాలి. లేదా సెండరు తీసేసి టెస్టు మీటరునే పెట్టాలి. ఆ టెస్టు మీటరు స్కేలు ఇంజను ప్రెషరుకు తగినదై ఉండాలి. 300 పీఎస్‌ఐ దాకా కొలిచే మీటరుతో 12ను 18 నుంచి వేరు చేయడం కష్టం. బండిని ఇరవై నిమిషాలైనా తోలాలి, ఎందుకంటే నీళ్ల ముల్లు మధ్యకు చేరినంత మాత్రాన ఆయిల్ వేడెక్కినట్టు కాదు, అది చాలా వెనకగా వేడెక్కుతుంది. తర్వాత ఐడ్లింగ్‌లో, 1000, 2000, 3000 ఆర్‌పీఎంల దగ్గర రెండు మీటర్లనూ చదివి రాసుకోవాలి. వేడి మీటరుకు ప్రతి చోటా అర నిమిషం వ్యవధి ఇవ్వాలి. ఈ కాస్త పని చాలా చర్చల్ని మూసేస్తుంది. టెస్టు మీటరులోనూ ప్రెషరు తక్కువే ఉంటే ముల్లును వదిలేసి రిలీఫ్ వాల్వు, పంపు, బేరింగులు, ఆయిల్‌లో పెట్రోలు కలవడం వంటివాటి వైపు చూడాలి. టెస్టు మీటరు నిండుగా చూపించి డాష్‌బోర్డు ముల్లు మాత్రమే కిందుంటే ఇంజను స్పానరు మొహం చూడక్కర్లేదు. పరీక్ష అయ్యాక టీని అక్కడే వదిలేయడం మంచిది కాదు. బరువైన సెండరు పొడుగాటి ఇత్తడి ముక్క చివర వేలాడుతూ ఇంజను అదురుకు ఏదో ఒకరోజు విరిగితే, అప్పుడు పోయేది నిజమైన ప్రెషరు.

తప్పు కరెంటు వైపే ఉందని తేలాక వెతకడం సులువు. సెండరు వైరు ఊడదీసి క్షణంపాటు ఎర్తుకు తాకిస్తే వేడి మీటరు ముల్లు పూర్తిగా పైకి లేవాలి, వీడీవో ముల్లు సున్నాకు పడాలి. వేడి మీటరును అలా ఎక్కువసేపు పట్టి ఉంచితే లోపలి తీగ మాడిపోతుంది, ముల్లు కదిలిందని చూడగానే వదిలేయాలి. సెండరును బండి మీదే కాకుండా బల్ల మీద పెట్టి కూడా పరీక్షించవచ్చు. టైర్లకు గాలి కొట్టే కంప్రెసరు 60, 80 పీఎస్‌ఐ తేలిగ్గా ఇస్తుంది కాబట్టి, టెస్టు మీటరు చూస్తూ 20, 40, 60 దగ్గర సెండరు ప్రతిస్పందన రాసుకుంటే అది ఎక్కడ గీత తప్పుతోందో బయటపడుతుంది. సెండరు సవ్యంగా ఉండి మీటరే పక్కకు పోయిందని తేలితే, 1960ల నాటి స్మిత్స్ వేడి మీటర్ల వెనక బిరడా పెట్టి మూసిన రెండు చిన్న రంధ్రాలున్నాయి. వాటిలోంచి పళ్ల ముక్కల్ని కొద్దికొద్దిగా జరిపితే కింది కొస, పై కొస విడివిడిగా సర్దుకుంటాయి. తయారీలో సర్దిన పద్ధతే ఇది కాబట్టి ఇందులో దొంగతనమేమీ లేదు. ఒక కొస జరిపితే రెండోది కొంత కదులుతుంది, ఓపికగా మూడు నాలుగుసార్లు అటూ ఇటూ తిరగాలి.

దొంగతనం రెసిస్టరుతో మొదలవుతుంది. ముల్లు తక్కువ చూపిస్తోంది, ఒక చిన్న రెసిస్టరు పడేస్తే సరిపోతుంది, పైసల్లో పని అంటారు. ఈ వాదాన్ని తేలిగ్గా కొట్టిపారేయకుండా లెక్క వేసి చూద్దాం. ఫోర్డ్ తరహా 73 నుంచి 10 ఓముల సెండరుకు సమాంతరంగా 100 ఓముల రెసిస్టరు పెట్టామనుకుందాం. నిండు ప్రెషరు దగ్గర సెండరు 10 ఓములున్నప్పుడు రెండూ కలిసి 9.1 అవుతాయి, ముల్లు కొంచెమే లేస్తుంది. ప్రెషరు పూర్తిగా పోయి సెండరు 73కు చేరినప్పుడు రెండూ కలిసి 42.2 అవుతాయి. అంటే ఇంజనులో చుక్క ప్రెషరు లేనప్పుడు కూడా ముల్లు స్కేలులో చెప్పుకోదగ్గ ఎత్తున నిలబడి ఉంటుంది. సరిగ్గా నిజం అవసరమైన చోటే ఈ ఉపాయం పెద్ద అబద్ధం ఆడుతుంది. వీడీవో తరహాకు వరసలో రెసిస్టరు వేస్తే అబద్ధం ఇంత ఘోరంగా ఉండదు కానీ సున్నా మాత్రం సున్నా కాకుండా పోతుంది. రెసిస్టరును సమర్థించగల సందర్భం ఒక్కటే: టెస్టు మీటరు పక్కన పెట్టి, కింది కొస నుంచి పై కొస దాకా చూసి, ప్రమాదపు కొసన ముల్లు నిజానికి దగ్గరగానో ఇంకా కిందో ఉందని రుజువు చేసుకున్నప్పుడు. అంత కష్టపడేవాళ్లకు సాధారణంగా రెసిస్టరు అక్కర్లేదు, దారిలో అసలు తప్పే దొరికిపోతుంది.

ఇంత తంటా ఎందుకు, మెకానికల్ మీటరు పెట్టేసుకుంటే పోలేదా అన్నది గట్టి అభ్యంతరమే. ఇంజను గురించి మాత్రమే ఆలోచిస్తే అది నిజం కూడా. పోటీల్లో పరిగెత్తే బండికి నేనూ అదే చెబుతాను, మలుపులో ఒక్క క్షణం ప్రెషరు పడినా ముల్లు తుళ్లిపడుతుంది. కానీ కాళ్ల దగ్గర వేడి ఆయిల్ గొట్టం ఉంటుందన్నది మరచిపోకూడదు. ప్లాస్టిక్ గొట్టం ఎగ్జాస్టుకు తగిలి కరిగినా, రాగి గొట్టం అదురుకు అలసి పగిలినా ఆయిల్ కార్పెట్ మీదికో కాలుతున్న ఇనుము మీదికో వస్తుంది. ఇంజను వైపు కొంత వంగే గొట్టం, బల్క్‌హెడ్ దాటే చోట రబ్బరు కాపు లేకుండా ఈ పని చేయకూడదు. ఈ-టైప్ లాంటి బండిలో ఒకే వరసలో ఉన్న మీటర్ల మధ్య పరాయి ముఖం పెట్టడానికి చాలామంది ఒప్పుకోరు, ఆ పట్టుదలను తప్పు పట్టలేను. బానెట్ కింద చిన్న మెకానికల్ మీటరు శాశ్వతంగా దాచి, డాష్‌బోర్డు మీద పాతదే ఉంచుకోవడం మధ్యేమార్గం. నెలకోసారి బానెట్ ఎత్తి రెండిటినీ పోల్చుకోవచ్చు.

ఎర్ర దీపం ఉండగా మీటరు గోలెందుకన్నది ఇంకో వాదం. ఆ దీపానికి తగిలించిన స్విచ్చు సాధారణంగా 4 నుంచి 7 పీఎస్‌ఐ మధ్య పనిచేస్తుంది. హైవే మీద 50 ఉండాల్సిన ఇంజనులో ప్రెషరు 12కు పడిపోయినా దీపం నిమ్మకు నీరెత్తినట్టు ఉంటుంది. వెలిగేసరికి చేయగలిగింది ఇంజను ఆపడమే, అదీ అదృష్టం ఉంటే. అలాగని దీపం పనికిరానిది కాదు, అది మీటరుతో సంబంధం లేని వేరే స్విచ్చు మీద నడుస్తుంది కాబట్టి ఇంకో సాక్షి. తయారీదారులు కొందరు ఈ రెండిటినీ కలగలిపి చేసిన పని చూస్తే మాత్రం ఆశ్చర్యం వేస్తుంది. 1980ల చివర ఫోర్డ్ తన బండ్లలో ప్రెషరు కొలిచే సెండరు బదులు ఉత్త స్విచ్చు పెట్టి, దారిలో ఒక రెసిస్టరు వేసింది. 1995 నుంచి మాజ్దా ఎంఎక్స్-5 కూడా అదే బాట పట్టింది. కొద్దిపాటి ప్రెషరు ఉంటే చాలు, ముల్లు వెళ్లి మధ్యలో కూర్చుంటుంది. ఎక్కదు, దిగదు. ముల్లు కదులుతోందని భయపడే కొనుగోలుదారుల సమస్యకు కదలని ముల్లు ఒక పరిష్కారమే, అయితే అది మీటరు ముఖం వేసుకున్న దీపం. 1994 దాకా వచ్చిన ఎంఎక్స్-5లో నిజంగా కొలిచే మీటరు ఉండేది, దాని సెండరు తెచ్చి తరవాతి బండికి మార్చి, మీటరు లోపలి అమరికా మార్చుకునే ఔత్సాహికులు ఉన్నారంటే అందుకే.

చివరి అభ్యంతరం అన్నిటికన్నా తెలివైనది. ఈ మీటర్లు పుట్టినప్పుడే అంత కచ్చితమైనవి కావు, కావలసింది అంకె కాదు మార్పు, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా కనిపిస్తే చాలు, ఎంత తప్పుగా ఉన్నా రోజూ ఒకేలా తప్పు చూపించే ముల్లుతో పని జరుగుతుంది కదా అంటారు. ఇందులో సగానికి పైగా ఒప్పుకుంటాను. వేడి మీటరు 38 చూపించినప్పుడు నిజం 42 అయితే ఎవరికీ నష్టం లేదు. కానీ రోజూ ఒకేలా అన్న షరతే చిక్కు. వదులైన ఎర్తు వానాకాలంలో ఒకలా, ఎండాకాలంలో ఇంకోలా ఉంటుంది. పాత స్టెబిలైజరు కాంటాక్టులు నల్లబడే కొద్దీ సగటు వోల్టేజి జరుగుతూ పోతుంది. తప్పు స్థిరంగా ఉందని చెప్పాలన్నా ఒకటికి రెండుసార్లు టెస్టు మీటరుతో పోల్చి చూడాల్సిందే, అంటే ఈ వాదం కూడా తిరిగి తిరిగి రెండో సాక్షి దగ్గరికే వస్తుంది. ఎర్తు, వోల్టేజి, సెండరు జత ఈ మూడూ స్థిరపడ్డాక మిగిలే చిన్న తప్పును సరిచేయడానికి మీటరు విప్పనక్కర్లేదు. ఫలానా ఆయిల్‌తో, ఇన్ని కిలోమీటర్లు తిరిగాక, ఐడ్లింగ్‌లో ముల్లు ఇక్కడ ఉంటే నిజం ఇంత, 3000 దగ్గర ఇక్కడ ఉంటే నిజం అంత అని తేదీ వేసి ఒక అట్టముక్క మీద రాసి గ్లవ్ బాక్సులో పెట్టుకోవచ్చు. ఆయిల్ బ్రాండు మార్చినప్పుడు, సెండరు మార్చినప్పుడు, సర్వీసుకోసారి పాత అంకెల కింద కొత్తవి చేరతాయి. బండి చేతులు మారిన రోజున ఆ అట్టముక్కను తాళాలతోపాటు ఇస్తే, కొన్నవాళ్లు మొదటి సిగ్నలు దగ్గరే ముల్లు 12కు దిగడం చూసి షెడ్డు వైపు తిప్పకుండా ఉంటారు.